పీఎల్‌జీఏ నానోకణాల్లో ఆల్టెప్లేస్: మందు ఎక్కడ పోతోంది?

ప్రశ్న (గుంటూరు, ఎం.ఫార్మసీ):
స్ట్రోక్‌లో మెదడు రక్తనాళంలో కట్టిన రక్తపు గడ్డ దగ్గరికే, దాన్ని కరిగించే ఎంజైము మందు ఆల్టెప్లేస్‌ని పీఎల్‌జీఏ (శరీరంలో కరిగిపోయే పాలిమర్) నానోకణాల్లో పెట్టి చేర్చే ప్రాజెక్టు. డబుల్ ఎమల్షన్‌తో (మందు కలిపిన నీటిని పాలిమర్ ద్రావణంలో, దాన్ని మళ్లీ బయటి నీటిలో చుక్కలుగా చేసి) చేస్తున్నాం. సైజు 400 నానోమీటర్లు దాటుతోంది, గడ్డేమో కరగట్లేదు. తప్పెక్కడండి?

జవాబు 1:
పాలిమర్‌ని కరిగించే డైక్లోరోమీథేన్, నీళ్లు కలిసే అంచు మీదే ఎంజైము పాడవుతుంది. మిగిలింది సోనికేటర్ (ధ్వని తరంగాలతో చుక్కలు చేసే యంత్రం) వేడికి పోతుంది. బీకరు ఐసులో పెట్టి 5 సెకన్లు ఆన్, 5 సెకన్లు ఆఫ్ చొప్పున కొట్టండి. లోపలి నీటిలో కాస్త ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కలిపితే ఆ అంచును అదే ఆక్రమిస్తుంది. బయటి నీటిలో 1–2 శాతం పీవీఏ (చుక్కలు కలిసిపోకుండా ఆపే పాలిమర్). ఇంకోటి, డైక్లోరోమీథేన్ 40 డిగ్రీలకే మరుగుతుంది. మే నెల గుంటూరులో ఏసీ లేని ల్యాబులో ఈ పని పెట్టుకోకండి! తడి కణాలు బల్ల మీద వదిలేసినా మెత్తబడి ముద్దకడతాయి. ఫ్రీజ్ డ్రై ముందు 5 శాతం ట్రెహలోజ్ అనే చక్కెర కలపండి.

జవాబు 2:
అసలు లోపల ఎందుకు పెట్టడం? మందు గడ్డలోని ఫైబ్రిన్‌ని (గడ్డను పట్టి ఉంచే ప్రొటీన్ పోగుల్ని) తాకాలి కదా. ఖాళీ కణాలు చేసి, పైన ఈడీసీ–ఎన్‌హెచ్‌ఎస్ అనే అతికించే రసాయనాలతో మందునీ, ప్లేట్‌లెట్లను పట్టుకునే ఆర్‌జీడీ పెప్టైడునీ అతికించండి. పరీక్ష బఫర్‌లో కాదు, ప్లాస్మాలో చేయండి. రక్తంలోని ప్రొటీన్లు పూతలా పడితే పెప్టైడు కప్పుకుపోతుంది, కణాలు లివర్‌కి పోతాయి.

మరో సభ్యుడు:
విజయవాడలో ఎక్కడైనా ఈ నానోకణాల మందు వేస్తున్నారా సార్?

జవాబు 1:
లేదండి, ఇంకా అనుమతి రాలేదు. ఇప్పుడు వేసే ఆల్టెప్లేస్ మామూలుదే: కిలోకి 0.9 మిల్లీగ్రాములు, మొత్తం 90 మించకుండా. పదో వంతు ఒక నిమిషంలో, మిగతాది గంటలో. అదీ 4.5 గంటల్లోపు, సీటీలో రక్తస్రావం లేదని తేలాకే. స్ట్రోక్ నిద్రలో వస్తే, మనిషి చివరిసారి బాగున్న టైము నుంచి లెక్క.