గ్లాస్గోలో ఫ్లాట్‌లో ఉంటున్నాం, వెస్టీ (వెస్ట్ హైలాండ్ వైట్ టెర్రియర్) కుక్కపిల్లని తెచ్చుకోవచ్చా?

హాయ్ అండి, మా పాప వెస్టీనే కావాలని పట్టుబట్టింది, మేమిద్దరం ఆఫీసులకెళ్తాం, ఆ తెల్ల బొచ్చు మెయింటైన్ చేయడం కష్టమా?

జవాబు 1: ఫ్లాట్‌కి బానే సరిపోద్దండి, ఎత్తు 28 సెంటీమీటర్లే, కానీ స్కాట్లాండ్‌లో ఆర్గైల్ వైపు నక్కల్నీ ఎలుకల్నీ పట్టడానికి పెంచిన జాతి కదా, మొండిఘటం, ఉడత కనిపించిందంటే ఎంత పిలిచినా రాదు, పార్కులో లీష్ తీయొద్దు.

జవాబు 2: బొచ్చు రెండు పొరలుంటది, పైన గరుకు లోపల మెత్తన, రోజూ దువ్వితే చాలు. అసలు చూసుకోవాల్సింది చర్మం, అలర్జీలు ఎక్కువ వీటికి. మావాడు పాదాలు నాకీ నాకీ తెల్ల వెంట్రుకలు గోధుమరంగులోకి తిరిగాయి, దురద వల్లే అన్నారు వెట్. అలా కనిపిస్తే వెంటనే చూపించండి.

జవాబు 3: రోజంతా ఇంట్లో ఎవరూ లేకపోతే మాత్రం వద్దక్కా, ఒంటరిగా మొరుగుతూనే ఉంటది పాపం.