స్పాటింగ్ ఎర్రర్స్‌లో చెవిని నమ్ముకోవచ్చా?

గాజువాక_కుర్రాడు: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకి ఎస్సెస్సీ పెట్టే సీజీఎల్ టైర్-1కి చదువుతున్నాను. అందులో స్పాటింగ్ ఎర్రర్స్ అంటే ముక్కలుగా విడగొట్టిన ఇంగ్లిష్ వాక్యంలో తప్పున్న ముక్కని పట్టుకోవడం, తప్పే లేకపోతే 'నో ఎర్రర్' పెట్టడం. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. రూల్సన్నీ నోటికొచ్చు, కానీ వాక్యం చూస్తే అన్ని ముక్కలూ కరెక్టుగానే కనిపిస్తాయి. ద్వారకానగర్‌లో మా కోచింగ్ సారేమో "మనసులో చదవండి, తప్పుంటే చెవికి తగులుతుంది" అంటారు. నాకేటీ తగలట్లేదు గురూ!

ఎంవీపీ_అక్క: తగలదు తమ్ముడూ. చిన్నప్పట్నుంచి మనం విన్న ఇంగ్లిష్‌లోనే ఆ తప్పులున్నాయి కదా. 'ఐ యామ్ లివింగ్ ఇన్ వైజాగ్ సిన్స్ ఫైవ్ ఇయర్స్' అని ఆఫీసుల్లో కూడా అనేస్తారు. పరీక్షలో అందులో రెండు తప్పులు. 'హ్యావ్ బీన్ లివింగ్' ఉండాలి, 'ఫర్ ఫైవ్ ఇయర్స్' ఉండాలి. 'డిస్కస్ అబౌట్', 'కోప్ అప్ విత్', 'ఆల్‌దో' పెట్టి మళ్లీ 'బట్'... పేపరు సెట్ చేసేవాళ్లు ఏరుకునేది మన చెవికి ఇంపుగా ఉన్నవే.

ముందు క్రియ పట్టుకో. దాని కర్తెవరో చూడు. మధ్యలో 'ఆఫ్', 'ఎలాంగ్ విత్', 'యాజ్ వెల్ యాజ్'లతో వచ్చే ముక్కని లేనట్టే దాటెయ్. 'ద క్వాలిటీ ఆఫ్ దీజ్ మ్యాంగోస్ ఆర్ గుడ్'లో మామిడిపళ్లు తీసేస్తే మిగిలేది 'క్వాలిటీ ఆర్'. దొంగ దొరికిపోయాడు.

సీతమ్మధార_రీడర్: చెవిని మరీ తీసిపారెయ్యకండి మేడమ్. వీధిలో విన్న చెవి వేరు, చదివిన చెవి వేరు. 'సుపీరియర్' తర్వాత 'టు' ఎందుకొస్తుందో ఏ రూలు చెబుతుంది? నేను పబ్లిక్ లైబ్రరీలో ఎడిటోరియల్స్ చదివే అలవాటు చేసుకున్నాను.

ఎంవీపీ_అక్క: ప్రిపోజిషన్ల వరకూ ఒప్పుకుంటానండీ. కానీ పరీక్ష ముందు నెలలో మొదలెడితే ఏం ఒంటబడుతుంది? 'నో సూనర్'కి 'దాన్', 'హార్డ్‌లీ'కి 'వెన్', ఇలా జంటలు బట్టీ కొట్టడమే.

బ్యాంక్_బాబు: డౌటున్నవి వదిలెయ్యాలా అనేది లెక్కతో తేల్చుకో బ్రో. సీజీఎల్ టైర్-1లో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు, 50 మార్కులు, తప్పుకి 0.50 కోత. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెట్టినా సగటున 0.125 వస్తుంది. రెండు తప్పు ఆప్షన్లు కొట్టేయగలిగితే 0.75. బ్యాంకు ఆఫీసర్ల పరీక్ష ఐబీపీఎస్ పీవో ప్రిలిమ్స్‌లో ఐదు ఆప్షన్లు, తప్పుకి 0.25 కోత, అంటే గుడ్డిగా పెడితే సగటు సున్నా. ఒక్కటైనా కొట్టేశాకే చెయ్యి పెట్టు. అక్కడ 30 ప్రశ్నలకి 20 నిమిషాలే, ఒక్క వాక్యం పట్టుకుని కూర్చోకు.

మద్దిలపాలెం_అమ్మ: మా పాప అమెరికా కాలేజీల్లో చేరడానికి శాట్ పరీక్ష రాస్తోంది. దానికి నెగటివ్ మార్కులు లేవు, ఖాళీ వదలక్కర్లేదు. గ్రామర్‌లో కామాలూ సెమికోలన్లే దాన్ని ఎక్కువ తిప్పలు పెడుతున్నాయి. రెండు పూర్తి వాక్యాల మధ్య ఒట్టి కామా ఉన్న ఆప్షన్‌ని ముందే కొట్టెయ్యమని నేర్పారట.

గాజువాక_కుర్రాడు: అక్కా, 'ఈచ్ ఆఫ్ ద స్టూడెంట్స్ హ్యావ్'లో మధ్య ముక్క తీసేస్తే 'ఈచ్ హ్యావ్', దొరికింది! మరి 'నో ఎర్రర్' ఎప్పుడు పెట్టాలి? 'నీదర్–నార్' వస్తే?

ఎంవీపీ_అక్క: క్రియ, సర్వనామం, ప్రిపోజిషన్, ఆర్టికల్ నాలుగూ చూశాక ఏమీ దొరక్కపోతే 'నో ఎర్రర్' పెట్టేసి ముందుకెళ్లు, లేని తప్పు పుట్టించకు. 'నీదర్–నార్'లో క్రియకి దగ్గరున్న కర్తని చూడు: 'నీదర్ ద మేనేజర్ నార్ ద క్లర్క్స్ వర్ ప్రెజెంట్'.