అప్‌డేట్: డీ750 అమ్మలేదు

నా డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా నికాన్ డీ750 అమ్మేసి, లోపల అద్దం ఉండని మిర్రర్‌లెస్ కెమెరాకి మారాలా అని పోయిన నెల ఇక్కడ అడిగాను కదా, మారలేదు. మీరు చెప్పినట్టే నికాన్ మిర్రర్‌లెస్ జెడ్6 టూ ఒక రోజు అద్దెకు తెచ్చి పెళ్లికి వాడాను. కంటిని దానంతటదే పట్టుకునే ఐ ఫోకస్ అద్భుతం. తలంబ్రాలు పోస్తున్నప్పుడు కూడా పెళ్లికూతురి కన్ను వదల్లేదు, అక్కడ మాత్రం నిజంగా మనసు లాగింది. కానీ నా పాత 50 ఎంఎం డి లెన్స్‌లో ఫోకస్ తిప్పే సొంత మోటార్ లేదు. పాత లెన్స్‌ని జెడ్ కెమెరాకి తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెట్టినా ఆటోఫోకస్ పనిచేయదు. అంటే బాడీతో పాటు లెన్స్ కూడా కొనాలి. రెండిట్లోనూ 24 మెగాపిక్సెళ్లే. ఆల్బమ్ సైజు ప్రింట్లు పక్కపక్కన పెడితే ఏది దేనితో తీశానో మా ఆవిడ చెప్పలేకపోయింది. దాచిన డబ్బులో కొంత పెట్టి డీ750 షట్టర్ మార్పించి, మంచి ఫ్లాష్ ఒకటి కొన్నాను. అద్దెకు తీసుకుని చూడమన్న అన్నకి చాలా థ్యాంక్స్.