రియో ఆకు ప్లాస్మోలిసిస్: నీళ్ళు వేసినా కణం మళ్ళీ ఉబ్బడం లేదు, ఎందుకు?

బైపీసీ_బెంచి:
ప్లాస్మోలిసిస్ (నీరు బయటికి పోయి కణంలోని పదార్థం కణకవచం నుంచి విడి ముడుచుకోవడం) చూద్దామని, అడుగున ఊదారంగు ఉండే రియో మొక్క ఆకు అడుగు పొర ఒలిచి 5 శాతం ఉప్పు ద్రావణంలో పెట్టాను. ఒక స్లైడులో ఊదారంగు చక్కగా ముద్దలా ముడుచుకుంది. అరగంట ఆగి మామూలు నీళ్ళు వేస్తే ఉబ్బలేదు సరికదా, రంగంతా బయటికి కారిపోయింది. రెండో స్లైడులో అసలు ముడుచుకోనే లేదు. ఇంకో అనుమానం. కణకవచానికీ ఆ ముద్దకీ మధ్య ఖాళీలో ఏముంటుంది? లోపలి నీరే బయటికొచ్చింది కాబట్టి నీరు అని రాయొచ్చా సార్?

స్లైడు_కవర్‌స్లిప్పు:
ముందు రెండో స్లైడు సంగతి. ఆ కణాలు అప్పటికే చచ్చిపోయి ఉండాలి, లేదా ద్రావణం వాటి దాకా చేరి ఉండదు. ఆకును ఏటవాలుగా చింపితే అంచున పల్చటి ఊదా పొర మిగులుతుంది. దాన్ని గాలికి వదిలేయకుండా వెంటనే నీటి చుక్కలో వెయ్యాలి. 10ఎక్స్ లెన్సు కింద కణం నిండా రంగు సమంగా ఉందని చూసుకున్నాకే ద్రావణం. కవర్‌స్లిప్పుకు ఒక పక్క రెండు చుక్కలు వేసి, ఎదుటి పక్క బ్లాటింగ్ పేపర్ ఆనించి లాగాలి. ఇలా రెండు మూడు సార్లు చెయ్యకపోతే కింద ఉన్న నీటితో కలిసి మీ 5 శాతం కాస్తా పల్చబడిపోతుంది.

ఇక మొదటిది. 5 శాతం అంటే లీటరుకు 50 గ్రాములు, అంటే సుమారు 0.86 మోలార్. ఉప్పు నీటిలో రెండు అయాన్లుగా విడిపోతుంది కాబట్టి ద్రవాభిసరణ లెక్కలో ఇది దాదాపు రెట్టింపు. అంత ఘాటులో అరగంట చాలా ఎక్కువ. పైగా కణకవచం లోపల ఉండే పల్చటి త్వచం రబ్బరు బెలూన్ కాదు. వైశాల్యం మూడు నాలుగు శాతం మించి సాగితే చిరుగుతుంది. ముడుచుకున్నప్పుడు దానిలో కొంత భాగం చిన్న తిత్తులుగా లోపలికి పోతుంది, నీళ్ళు ఒక్కసారిగా తగిలితే ఆ భాగం తిరిగొచ్చి అతుక్కునేంత వ్యవధి ఉండదు. రిక్తికను (కణం లోపల రసం నిండిన సంచి) చుట్టిన పొర కూడా తెగిందన్నమాట, ఎందుకంటే ఆంథోసయనిన్ అనే ఆ ఊదారంగు పదార్థం ఉండేది రిక్తికలోనే. ముడుచుకున్న ఐదు నిమిషాలకే 2.5 శాతానికి, తర్వాత 1 శాతానికి, ఆ తర్వాతే నీటికి మార్చండి. ఒక్కోదానిలో మూడేసి నిమిషాలు ఉంచండి.

రిక్తిక:
ఖాళీలో నీరని రాస్తే మార్కు పోతుంది. అక్కడ ఉండేది మీరు వేసిన ఉప్పు ద్రావణమే. కణకవచం సెల్యులోజ్ అల్లిక, అందులోంచి ఉప్పూ చక్కెరా అడ్డు లేకుండా దూరతాయి. ఆగేది ప్లాస్మాత్వచం దగ్గర. రెండు వరసల ఫాస్ఫోలిపిడ్లు, మధ్యలో కొవ్వు తోకలు. సోడియం అయాన్ నీటి అణువుల్ని చుట్టుకుని ఉంటుంది, వాటిని వదులుకుని ఆ కొవ్వులోకి దిగడం దానికి గిట్టుబాటు కాదు. నీరు లిపిడ్ల మధ్య నుంచి కొంత జారుతుంది, వేగంగా పోవాలంటే త్వచంలో ఆక్వాపోరిన్ అనే ప్రోటీన్ మార్గాలు కావాలి. అమెరికా శాస్త్రవేత్త పీటర్ ఆగ్రే బృందం 1992లో కప్ప అండకణాలతో ఆ ప్రోటీన్‌ను తయారు చేయించి పల్చటి ద్రావణంలో వేస్తే అవి నిమిషాల్లో ఉబ్బి పగిలాయి. ప్రోటీన్ లేనివి పెద్దగా మారలేదు. ఆగ్రేకు 2003 నోబెల్‌లో వాటా వచ్చింది ఆక్వాపోరిన్ల మీదే.

చక్కెర_పక్షం:
నన్నడిగితే ఉప్పు మానేసి చక్కెర వాడండి. 17.1 గ్రాముల సుక్రోజ్ కొద్ది నీటిలో కరిగించి, మొత్తం 100 మి.లీ. అయ్యేలా నీరు కలిపితే 0.5 మోలార్. చాలామంది 100 మి.లీ. నీళ్ళలో చక్కెర పోస్తారు, అది వేరే గాఢత. సుక్రోజ్ లోపలికి పోదు, త్వచాన్నీ అంతగా ఇబ్బంది పెట్టదు.

ఇంకో స్లైడు యూరియాతో చెయ్యండి, 100 మి.లీ.కి 6 గ్రాములు. ముందు ముడుచుకుంటుంది, తర్వాత నీళ్ళు వెయ్యకుండానే మెల్లగా ఉబ్బుతుంది. యూరియా అణువు చిన్నది, ఆవేశం లేనిది, త్వచం గుండా మెల్లగా లోపలికి చేరుతుంది, దాని వెంటే నీరూ వస్తుంది. ఎరువుల కొట్టు యూరియా మాత్రం వద్దు, దానికి వేపనూనె పూత ఉంటుంది.

బైపీసీ_బెంచి:
అర్థమైంది సార్. కణంలోని గాఢత ఎంతో కూడా ఇలాగే కనుక్కోవచ్చా?

చక్కెర_పక్షం:
ఉజ్జాయింపుగా వస్తుంది. 0.1 నుంచి 0.5 మోలార్ దాకా ఐదు సుక్రోజ్ ద్రావణాలు, ఒక్కోదానిలో కొత్త పొర, పది నిమిషాలు. ఒక్కో స్లైడులో 50 కణాలు లెక్కపెట్టండి. మూలల్లో కాస్త విడినా ముడుచుకున్నట్టే లెక్క. ఏ గాఢతలో 25 ముడుచుకున్నాయో కణరసం దానికి దగ్గర. ఒలిచేటప్పుడు తెగిన అంచు కణాల్ని మాత్రం లెక్కలోకి తీసుకోకండి.