60 వేలలో గేమింగ్ సిస్టమ్: ఏవి కొనాలి, ఏవి మానాలి?

అడిగింది: అంబాజీపేట నుంచి

అందరికీ నమస్కారమండి. నేను బీటెక్ మొదటి సంవత్సరం, సీఎస్ఈ. సార్వా ధాన్యం డబ్బులు పడ్డాక కంప్యూటర్‌కి 60 వేలు ఇస్తానని నాన్న ఒప్పుకున్నారు. ఆ మాట అనిపించుకోవడానికే మూడు నెలలు పట్టింది కాబట్టి ఆపైన రూపాయి కూడా అడగలేను. వాలరెంట్, సీఎస్ 2 అనే తుపాకీ ఆటలు ఎక్కువగా ఆడతాను. జీటీఏ 5 లాంటివి కూడా ఆడాలని ఉంది. మానిటర్ లేదు, ఇంట్లో 32 అంగుళాల టీవీ ఉంది.

ఆన్‌లైన్‌లో ఒక ప్రకటన చూశాను. "ఐ7 గేమింగ్ పీసీ, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, ఆర్‌జీబీ లైట్లు, 34 వేలు" అని ఉంది. అది తీసుకుని మిగిలిన డబ్బుతో మానిటర్, కుర్చీ కొనుక్కుంటే సరిపోతుందా? లేకపోతే విడిభాగాలు కొని బిగించుకోవాలా? చెప్పండి ప్లీజ్.

రావులపాలెం నుంచి

ఐ7 అంటే పైది కదా తమ్ముడూ, 34 వేలకి వస్తుంటే ఇంకా ఆలోచన దేనికి? తీసేసుకో.

తణుకు నుంచి

ఆగు తమ్ముడూ, తొందరపడకు. ముందు ఆ అమ్మేవాడికి ఒక్క మెసేజ్ పెట్టు: "ప్రాసెసర్ పూర్తి నంబరు, గ్రాఫిక్స్ కార్డు పూర్తి పేరు పంపండి" అని. జవాబు వచ్చాక మాట్లాడుకుందాం.

అంబాజీపేట నుంచి

పంపాడు అన్నయ్యా. ఐ7-3770, హెచ్61 బోర్డు, జీటీ 730 4 జీబీ. "అన్నీ టెస్టింగ్ చేసినవే, టెన్షన్ పడకండి" అన్నాడు.

తణుకు నుంచి

అనుకున్నదే. 3770 వచ్చింది 2012లో. నీకప్పుడు ఎన్నేళ్లో లెక్క వేసుకో. ఆఫీసుల్లో ఏళ్ల తరబడి నలిగి బయటికొచ్చిన ప్రాసెసర్‌ని కొత్త గాజు డబ్బాలో పెట్టి, మూడు లైట్ల ఫ్యాన్లు తగిలించి అమ్ముతున్నాడు. ఐ7 అనేది బండి మీద స్టిక్కర్ లాంటిది. దాని వెనక ఉన్న అంకెల్లో చివరి మూడూ తీసేస్తే మిగిలేది ఎన్నో తరమో చెబుతుంది. ఇది మూడో తరం. పన్నెండో తరం ఐ3-12100 నాలుగు కోర్లతోనే దీన్ని తేలిగ్గా దాటేస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. నువ్వు ఆడే వాలరెంట్ విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (రెండూ కంప్యూటర్ భద్రత కోసం ఉండే ఏర్పాట్లు) లేకపోతే తెరుచుకోదు. అడ్డదారిలో విండోస్ ఎక్కించి ఇచ్చినా నీ ఆట దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది.

జీటీ 730 సంగతి చెప్పక్కర్లేదు. 2014 నాటి కార్డు, సినిమా చూడటానికి పనికొస్తుంది. "4 జీబీ" అని రాస్తే పెద్ద కార్డు అనుకుంటారని రాస్తారు. డబ్బా పెద్దదైతే బియ్యం ఎక్కువ పడతాయి కానీ అన్నం త్వరగా ఉడకదు కదా.

కాబట్టి విడిభాగాలే కొను. మానిటర్, కుర్చీ ఇప్పుడు వద్దు. టీవీ 60 హెర్ట్జ్ (సెకనుకి 60 బొమ్మలు) అయినా ఆర్నెల్లు గడిచిపోతుంది, సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ పెట్టుకో. ఏ రోజు రేటు ఆ రోజుది. పైగా 2025 చివరి నుంచి ర్యామ్, ఎస్ఎస్‌డీ ధరలు బాగా ఎగిరాయి, ఏఐ సర్వర్లకే చిప్‌లన్నీ పోతున్నాయి. అందుకని నేను ధరలు చెప్పను, దేనికి ఎంత తీసి పక్కన పెట్టాలో చెబుతాను.

గ్రాఫిక్స్ కార్డుకి 22 వేలు. ఆటల సిస్టమ్‌లో ఎక్కువ డబ్బు వెళ్లాల్సింది దీనికే. ఈ లెక్కలో నా ఓటు ఏఎండీ ఆర్ఎక్స్ 6600కి. 8 జీబీ మెమరీ, 132 వాట్ల కరెంటు, 1080పీలో, అంటే ఫుల్ హెచ్‌డీలో, ఆటలకి ఢోకా లేదు. ఎన్విడియా ఆర్టీఎక్స్ 3050 కన్నా మామూలు ఆటల్లో ఇదే ముందుంటుంది. 3050 చూస్తే మాత్రం 8 జీబీ, 6 జీబీ అని రెండు రకాలున్నాయి. 6 జీబీది నెమ్మదైనది, పేరు ఒకటే కదా అని మోసపోకు.

ప్రాసెసర్‌కి 11 వేలు: రైజెన్ 5 5600. ఆరు కోర్లు, 65 వాట్లు, కూలర్ పెట్టెలోనే వస్తుంది. దొరక్కపోతే 5500 తీసుకో, కాస్త తక్కువ అంతే. మదర్‌బోర్డుకి 7 వేలు. బీ550 దొరికితే మంచిది. బీ450 ఇస్తానంటే "5000 సిరీస్‌కి బయోస్ అప్‌డేట్ చేసి ఉందా?" అని అడుగు. బయోస్ అంటే బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్. పాత స్టాకు అయితే ప్రాసెసర్ పెట్టినా తెర మీద ఏమీ రాదు, బోర్డు పోయిందనుకుని తల పట్టుకుంటావు. కొత్త తరం ర్యామ్ డీడీఆర్5 వాడే బోర్డుల వైపు ఇప్పుడు చూడకు, ర్యామ్ దగ్గరే బడ్జెట్ అయిపోతుంది.

ర్యామ్‌కి 8 వేలు. డీడీఆర్4 3200, ఎనిమిది ఎనిమిది జీబీల కర్రలు రెండు. అంత డబ్బుకి రెండు రాకపోతే ఇప్పటికి ఒకటి పెట్టి, రేట్లు దిగాక అదే రకం ఇంకోటి వేసుకో. ఎస్ఎస్‌డీకి 4 వేలు, 500 జీబీ ఎన్‌వీఎంఈ (నేరుగా బోర్డు మీద గుచ్చే వేగమైన రకం). క్యాబినెట్‌కి రెండున్నర వేలు, ముందు వైపు గాజు కాకుండా జల్లెడ ఉన్నది. ఏసీ లేని గదిలో మే నెల ఉక్కపోతకి గాజు డబ్బా పొయ్యి అయిపోతుంది. ఎస్ఎంపీఎస్‌కి, అంటే లోపలి భాగాలకి కరెంటు అందించే డబ్బాకి, 4 వేలు.

మొత్తం 58,500. మిగిలిన 1,500 ఎందుకో కింద రాస్తాను, డ్యూటీ అయ్యాక.

కాకినాడ నుంచి

ఒక మాట. కుర్రాడు సీఎస్ఈ అంటున్నాడు. రేపు మెషిన్ లెర్నింగ్ అంటే కుడా (CUDA, గ్రాఫిక్స్ కార్డుతో లెక్కలు చేయించే సాఫ్ట్‌వేర్) కావాలి, అది ఎన్విడియా మీదే నడుస్తుంది. మా అమ్మాయికి ఏఎండీ కొని తర్వాత నాలుక కరుచుకున్నాం. చూసుకుని చెప్పండి.

తణుకు నుంచి

మీరన్నది నిజమేనండి. మీ అమ్మాయి మూడో ఏడో, నాలుగో ఏడో అయి ఉంటుంది. ఇతను ఇప్పుడు సీ ప్రోగ్రాములు, పైథాన్ రాసుకునే దశలో ఉన్నాడు. నేర్చుకునేంత మటుకు గూగుల్ కోల్యాబ్‌లో బ్రౌజర్ లోంచే జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) ఉచితంగా వాడుకోవచ్చు. ఆ పని గట్టిగా మొదలైతే అప్పుడు కార్డు ఒక్కటే మార్చుకుంటాడు, మిగతాదంతా అలాగే ఉంటుంది. తమ్ముడూ, నువ్వు మాత్రం నాన్నగారితో "ఇది చదువు కోసమే" అని చెప్పావా? చెప్పి ఉంటే ఎన్విడియానే తీసుకో, ఇంట్లో మాట దక్కుతుంది. (నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నా.)

ఇక ఆ 1,500. అది ఎర్తింగ్‌కి.

2019లో నేనూ నీలాగే ప్రతి రూపాయీ కార్డు మీద పెట్టి, క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్ఎంపీఎస్‌నే ఉంచేశాను. స్టిక్కర్ మీద 500 వాట్లు అని ఉంది. చేత్తో పట్టుకుంటే ఖాళీ టిఫిన్ డబ్బాలా తేలిపోయేది. ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది, మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. మూడోసారికి టప్ మని చిన్న శబ్దం, కాలిన ఉల్లిపాయ వాసన. ఎస్ఎంపీఎస్ ఒక్కటే పోతే పోనీ అనుకునేవాణ్ని, మదర్‌బోర్డునీ వెంట తీసుకుపోయింది. విప్పి చూస్తే లోపల కాయిల్ ఉండాల్సిన చోట ఉత్త వైరు ముక్క అతికించి ఉంది.

అందుకే బ్రాండు ఏదైనా మూడు చూడు. 450 నుంచి 550 వాట్లు చాలు. నీ సిస్టమ్ ఆట మధ్యలో కూడా 250 వాట్లు దాటడం కష్టం. రెండోది, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు. అది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే గుర్తే తప్ప భద్రతకి హామీ కాదు. అందుకని వారంటీ ఐదేళ్లు ఉందా అని కూడా చూడు. మూడోది, స్టిక్కర్ మీద ఇన్‌పుట్ అని ఉన్న చోట 100-240 వోల్టులు అని రాసి ఉన్నది తీసుకో, 200-240 అని ఉన్నది వద్దు. చెరువుల్లో నీళ్లకి గాలి అందించే ఏరేటర్లన్నీ రాత్రిపూట ఒక్కసారి తిరిగితే మన వైపు వోల్టేజీ ఎంతకి దిగుతుందో నీకు తెలిసిందే.

ఎర్తింగ్ లేకపోతే ఏమవుతుందంటే, ఎస్ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి క్యాబినెట్ రేకుకి కలిసి ఉంటాయి. దారి తప్పిన కరెంటు ఎర్త్ వైరులోకి పోవాలి. ఆ వైరు ఎక్కడికీ వెళ్లకపోతే 230లో సగం, అంటే 115 వోల్టుల దాకా రేకు మీదే కూర్చుంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి ప్రాణం తీయదు, కానీ తడి కాళ్లతో ముట్టుకుంటే జివ్వుమంటుంది. టీవీకి హెచ్‌డీఎంఐ వైరు పెట్టేటప్పుడు చిన్న మెరుపు వచ్చి పోర్టు కాలిపోవచ్చు. మన ఇళ్లలో మూడు కన్నాల ప్లగ్గు ఉంటుంది కానీ పై కన్నంలో వైరు ఉండదు. సిస్టమ్ వచ్చాక క్యాబినెట్ వెనక స్క్రూ మీద టెస్టర్ పెట్టు. వెలిగిందంటే ఎర్త్ లేనట్టే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెరట్లో పైపు దించి, బొగ్గు, ఉప్పు వేయించు. మన డెల్టా నేలలో కాస్త లోతుకి వెళ్తే తడి తగులుతుంది, పెద్ద పని కాదు. స్విచ్ బోర్డు దాకా పచ్చ వైరు లాగించడం మర్చిపోకు.

నరసాపురం నుంచి

మాకు సముద్రం దగ్గర కాబట్టి నేనొకటి చెబుతా. ఉప్పు గాలికి ర్యామ్ కాళ్లు నల్లబడతాయి. ఏడాదికోసారి తీసి పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది పెడితే చాలు. ఇంకోటి, క్యాబినెట్ వెనక వాడని స్లాట్లకి రేకు మూతలుంటాయి. బిగించేటప్పుడు పీకి పారేయకండి. మా ఇంట్లో అక్కడినుంచి బల్లి దూరి సరిగ్గా బోర్డు మీద చచ్చింది. రిపేరు చేసినతను చీపురు పుల్లతో తీసి నా చేతిలో పెట్టి "ఇదేనండి మీ వైరస్" అన్నాడు.

యూపీఎస్ ఎవరూ రాయలేదు. 600 వీఏ అంటే 360 వాట్లు, ఈ సిస్టమ్‌కి ఆట ఆపి షట్‌డౌన్ చేసేంత సమయం ఇస్తుంది. కరెంటు లేనప్పుడు ఆడుకుందామంటే మాత్రం కుదరదు.

అంబాజీపేట నుంచి

అందరికీ చాలా థాంక్సండి. ఇంత ఉందని తెలియదు. ఎక్కడ కొనమంటారు? సికింద్రాబాద్‌లో సీటీసీకి (కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్) వెళ్దామని మా ఫ్రెండ్ అంటున్నాడు. కాకినాడలో ఒక షాపాయన బిల్లు వద్దంటే రెండు వేలు తగ్గిస్తానన్నారు.

తణుకు నుంచి

బిల్లు లేకుండా తీసుకోకు. 18 శాతం జీఎస్టీ మిగులుతుందని ఆశపడితే, కార్డు పాడైన రోజు వారంటీ అడగడానికి చేతిలో కాగితం ఉండదు. ప్రతి భాగం మీద ఉండే సీరియల్ నంబరు బిల్లులో రాయించుకో.

సీటీసీలో ధర తగ్గే మాట నిజమే, నాలుగు షాపులు తిరిగి అడగొచ్చు. కానీ రానూపోనూ బస్సు ఛార్జీలు కలుపుకుని చూడు. వెళ్తే మాత్రం అక్కడే బిగించి, ఆన్ చేసి చూపించమను. చూశాక గ్రాఫిక్స్ కార్డు తీయించి దాని పెట్టెలోనే తెచ్చుకో. కార్డు బోర్డుకి ఉండగా బస్సు డిక్కీలో పడేస్తే గోతుల్లో ఊగి ఊగి స్లాటు విరుగుతుంది. క్యాబినెట్‌ని పడుకోబెట్టు, నిలబెట్టకు.

అంబాజీపేట నుంచి (పదహారు రోజుల తర్వాత)

అన్నయ్యా, సంక్రాంతికి ముందే తెచ్చేశాం. మీరు చెప్పినవే. ర్యామ్ ఒక కర్రే వచ్చింది, రెండోది తర్వాత. ఎర్తింగ్ కూడా అయింది, టెస్టర్ వెలగట్లేదు. కానీ ఇంట్లో పెట్టి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, టీవీ మాత్రం "నో సిగ్నల్" అంటోంది. షాపులో బాగానే వచ్చింది. నాన్న పక్కనే నిలబడి చూస్తున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

తణుకు నుంచి

హెచ్‌డీఎంఐ వైరు ఎక్కడ గుచ్చావు? పైన యూఎస్‌బీల పక్కన కనిపించేది బోర్డుది. 5600లో సొంత గ్రాఫిక్స్ లేదు, అక్కడినుంచి బొమ్మ రాదు. కింద అడ్డంగా ఉన్న కార్డుకి పెట్టు. కార్డుకి ఎస్ఎంపీఎస్ నుంచి ఎనిమిది పిన్నుల వైరు తిరిగి పెట్టావా? వైర్లు పెట్టేముందు స్విచ్ ఆపు.

అంబాజీపేట నుంచి

పైదాంట్లోనే పెట్టానండి. మార్చాను, వచ్చేసింది. నాన్న "ఇంతేనా" అని వెళ్లిపోయారు. టాస్క్ మేనేజర్‌లో ర్యామ్ 2666 అని చూపిస్తోంది, 3200 కదా కొన్నది. మోసమా?

తణుకు నుంచి

మోసం కాదు. ఆన్ చేసేటప్పుడు డిలీట్ బటన్ నొక్కుతూ బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) అని ఉన్నది ఆన్ చేసి సేవ్ చెయ్యి. కొన్ని బోర్డుల్లో డీఓసీపీ అని ఉంటుంది. 3200 వస్తుంది. అలాగే టీపీఎం, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నాయో చూసుకుని అప్పుడు వాలరెంట్ ఎక్కించు.