ఉగాది సంబరం: జిమ్‌లో బీసెంట్ రోడ్డు, ఎవరెవరు ఏం చూస్తున్నారు?

స్టాళ్ల బాధ్యత:
అందరికీ నమస్కారం. మార్చి 21, శనివారం. స్కూలు జిమ్ మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8 దాకా మనది. జిమ్‌లో విజయవాడ బీసెంట్ రోడ్డు బజారులా స్టాళ్లు వేద్దామన్నది ఖాయమే కాబట్టి ముందే ఒక పేచీ పెడుతున్నా. ప్రతి స్టాలుకీ ధరల బోర్డు పెడదామన్నారు. వద్దండీ. ధర అంటించాక అది బీసెంట్ రోడ్డెలా అవుతుంది?

పండగ ముందు అమ్మ వెంట వెళ్లేవాణ్ణి. ఏలూరు రోడ్డు వైపు దూరితే బందరు రోడ్డులో తేలేసరికి రెండు గంటలు. ఊరికే నడిస్తే పది నిమిషాల దారి. పేవ్‌మెంటు మీద దుప్పటి పరిచి చొక్కాలు గుట్టపోసేవాళ్లు. నూట యాభై అంటే అమ్మ యాభై అనేది. వాడు గుండె మీద చెయ్యేసుకునేవాడు. అమ్మ నా జబ్బ పట్టుకుని నడక మొదలెట్టేది. వెనక నుంచి "రామ్మా, తీస్కెళ్లు" అనే కేక ఎన్నో అడుక్కి వస్తుందో లెక్కపెట్టడమే నా ఆట. ఎనిమిదికో, పన్నెండుకో వచ్చేది. ఒక్కసారి రాలేదు. అమ్మ వెనక్కి తిరగలేదు. ఆ నీలం గళ్ల చొక్కా నాకిప్పటికీ బాకీ.

పూలావిడతోనూ అంతే. మూర కొలవగానే "నీ చెయ్యి పొట్టి, ఇటు తే" అని అమ్మ తన మోచేత్తో మళ్లీ కొలిచేది.

అందుకని పిల్లలకి తలా ఇరవై టోకెన్లు. కనిష్ఠ ధర అమ్మేవాళ్లకి మాత్రమే చెప్తాం. బేరం కుదరక పిల్ల వెళ్లిపోతుంటే జాలిపడి వెంటనే పిలవకండి, కనీసం ఆరడుగులు పడనివ్వండి.

వంటల బాధ్యత:
అన్నయ్యా, మీ బేరాలు బజ్జీల దగ్గర మాత్రం వద్దు, మూకుడు ముందు నిలబడి నేను వాదించలేను. జిమ్‌లో నూనె పొయ్యికి ఒప్పుకోరు, పార్కింగులో పందిరి వేయించండి. చెరుకు రసం మరకి కూడా నా ఓటు లేదు, పోయినేడు దాన్ని కడిగింది నేనే. స్వరాజ్ మైదానం ఎగ్జిబిషన్‌లో అమ్మే చాటంత అప్పడం, పైన కారం జల్లి... అది పెడదాం.

ముగ్గులూ అలంకరణా:
అక్కా, మైదానం అంటే నాకు పుస్తకాల పండగే. 1989 నుంచి జనవరిలో జరిగేది, నాన్న ఏటా తీసుకెళ్లేవారు. ఒక మూల పాత పుస్తకాల బల్ల నాది. చదివేసినవి తెచ్చివ్వండి.

వన్‌టౌన్ బాబాయ్:
సినిమా లేకుండా బెజవాడేమిటర్రా? 1921 నాటి మారుతీ హాలు మా పేటది. గాంధీనగర్ హాళ్ల సంగతి సరేసరి. గుడ్డకట్టి పాత ట్రైలర్లు వేద్దాం, నేల, బెంచీ, కుర్చీ అని మూడు రంగుల టికెట్లు. నేల వాళ్లకి ఈలలు ఉచితం. బ్లాకులో అమ్మే వేషం నాకే కావాలి.

ఖజానా:
బాబాయ్ గారూ, ఈలలు జిమ్ లోపల వద్దు, స్కూలు వాళ్లు డిపాజిట్ ఇవ్వరు.

సరుకుల బాధ్యత, ప్రస్తుతం విజయవాడలో:
నిన్న సాయంత్రం బీసెంట్ రోడ్డుకి వెళ్లొచ్చా. ప్రతి బండికీ స్కానర్ వేలాడుతోంది, అయినా బేరం బేరమే. మైదానం మాత్రం మన చిన్నప్పటిది కాదు, ఇప్పుడక్కడ అంబేడ్కర్ స్మృతివనం, 125 అడుగుల విగ్రహం. మా బాబుకి ఎగ్జిబిషన్ ఎక్కడ పెట్టేవాళ్లో వేలితో చూపించలేకపోయా.

నాకు రెండు పెట్టెలు, ఒకటి ఆవకాయకే పోతుంది. మిగిలిన 23 కిలోల్లో రిబ్బన్లు, గాజులు, లక్కపిడతలు పడతాయి. స్టీలు సామాను అడగొద్దు. గాజులు పెద్దవాళ్లకి రెండు నాలుగు, రెండు ఆరు తెస్తా. పిల్లల సైజులు గురువారంలోగా రాయండి, శుక్రవారం బయల్దేరుతున్నా. అన్నయ్యా, నీలం గళ్లవి ఉన్నాయి గానీ మీ సైజులో లేవు.