పోటీలో కుదిరిన గురి అర్హత పరీక్షలో ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న అడిగినవారు:
రెండేళ్లుగా ప్రాక్టికల్ షూటింగ్ (కదులుతూ, సమయంతో పోటీపడుతూ లక్ష్యాలను కాల్చే ఆట) పోటీల్లో పాల్గొంటున్నాను. చాలా పోటీల్లో మొదటి మూడు స్థానాల్లో నిలిచాను. అయినా మా పోలీసు శాఖ అర్హత పరీక్షలో, ఏడు మీటర్ల నుంచి కాల్చవలసిన భాగంలో రెండోసారి కూడా విఫలమయ్యాను. పిస్టల్ తీసి మొదటి తూటా పేల్చడానికి పోటీలో నాకు 1.4 సెకన్లు పడితే, ఇక్కడ 2.5 సెకన్లు దాటుతోంది. పైగా తూటా ఎడమవైపు కిందికి పోతోంది. ఈ రోజు నాలుగు గంటలు రేంజ్‌లోనే ఉండి పట్టు మార్చాను, నిలబడే తీరు మార్చాను, పిస్టల్ మీద గురి చూసే సైట్లు సరిచూశాను; ఏదీ ఫలించలేదు. పోటీల్లో నేర్చుకున్నది ఉద్యోగానికి పనికిరాదా?

విశ్రాంత శిక్షకుడు:
పనికివస్తుందా అన్న ప్రశ్నకు ముందు, పోటీ దేనిని పరీక్షిస్తుందో చూడాలి. ఈ పోటీల అంతర్జాతీయ సమాఖ్య ఐపీఎస్‌సీ 1976లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం కొలంబియాలో ఏర్పడింది, జెఫ్ కూపర్ దాని తొలి అధ్యక్షుడు. దాని నినాదంలోని మూడు లాటిన్ మాటలకు కచ్చితత్వం, శక్తి, వేగం అని అర్థం చెబుతారు. కాల్చాలా వద్దా అన్న నిర్ణయానికి అందులో చోటు లేదు. పోటీదారు ముందుగానే స్టేజీ (లక్ష్యాలు అమర్చిన స్థలం) అంతా నడిచి చూసుకుంటాడు, కాల్చకూడని లక్ష్యం ఎక్కడుందో అతనికి తెలుసు. విధుల్లో ఉన్నవారికి ఆ అవకాశం రాదు. నా శిక్షణలో అన్నిటికన్నా ఎక్కువ సమయం ఈ నిర్ణయానికే కేటాయించేవాడిని.

రేంజ్ అధికారి:
ఏ పిస్టల్? ఏ హోల్‌స్టర్ (పిస్టల్ ఒర)? కుడిచేతివాటమా? తూటాలన్నీ అలాగే పోతున్నాయా, మొదటిది మాత్రమేనా?

విశ్రాంత శిక్షకుడు:
మరొక మాట కూడా చెప్పాలి. ఈ పోటీల్లో పాయింట్లను సమయంతో భాగించి హిట్ ఫ్యాక్టర్ లెక్కిస్తారు. పన్నెండు తూటాలూ మధ్య భాగంలో తగిలితే 60 పాయింట్లు, 10 సెకన్లలో ముగిస్తే ఫలితం 6. అదే 8 సెకన్లలో తొందరగా కాల్చి 50 పాయింట్లే తెచ్చుకున్నా ఫలితం 6.25 అవుతుంది. గురి తప్పినవాడే గెలిచే లెక్క పోలీసుకు ఏం నేర్పుతుంది?

స్కోరర్:
అయ్యా, గురి తప్పడం వేరు, పక్క భాగంలో తగలడం వేరు; ఈ రెండింటినీ ఒకే మాటతో చెప్పడం సరికాదు. మీ ఉదాహరణలో ఐదు తూటాలు మధ్య భాగం పక్కనుండే, పాయింట్లు తక్కువ వచ్చే సీ భాగంలో తగిలాయి, ఒక్కటీ వృథా కాలేదు. ఒక తూటా పూర్తిగా తప్పితే దాని ఐదు పాయింట్లు పోవడమే కాక, మరో పది తగ్గుతాయి. అప్పుడు మిగిలిన పదకొండూ మధ్యలో తగిలినా, 45ను 8తో భాగిస్తే 5.6 మాత్రమే. కాల్చకూడని లక్ష్యానికి తగిలినా పది పాయింట్ల శిక్ష ఉంది. ఆ ఆటకు బాధ్యత తెలియదనడం అన్యాయం.

విశ్రాంత శిక్షకుడు:
విధుల్లో పక్కకు తగిలిన తూటాను కూడా నేను తప్పినట్టుగానే భావిస్తాను. ఆ మాటకే కట్టుబడి ఉన్నాను.

ప్రశ్న అడిగినవారు:
క్షమించండి, ఇవి అందరికీ తెలిసినవేననుకున్నాను. నాది కుడిచేతివాటమే. శాఖ ఇచ్చిన పిస్టల్ డబుల్ యాక్షన్‌ది (మొదటి తూటాకు ట్రిగ్గర్ లాగుడే సుత్తిని వెనక్కు తీసుకెళ్లి పేలుస్తుంది), హోల్‌స్టర్‌కు రెండు లాకులున్నాయి. పోటీలో వాడేది సింగిల్ యాక్షన్ పిస్టల్ (సుత్తి ముందే వెనక్కు ఉంటుంది, ట్రిగ్గర్ తేలిక), హోల్‌స్టర్‌కు లాకు లేదు. ఇప్పుడు తూటాలు తగిలిన గురి పత్రం తీసి చూస్తే కిందికి పోయింది ప్రతి వరుసలోనూ మొదటి తూటాయే, తర్వాతివి మధ్యలోనే ఉన్నాయి.

రేంజ్ అధికారి:
మొదటి తూటాకు ట్రిగ్గర్ పొడవుగా, బరువుగా కదులుతుంది. సుత్తి వెనక్కు వెళ్లాక మిగిలినవి తేలికగా పేలతాయి. తేలిక ట్రిగ్గర్‌కు అలవాటుపడిన చెయ్యి ఆ బరువును ఒక్కసారిగా లాగడంతో పిస్టల్ ముందుభాగం ఎడమకు, కిందికి వంగుతోంది. సైట్లను ముట్టుకోకండి. మందుగుండు వేరే గదిలో ఉంచి, తూటా ఉండే చాంబరు రెండుసార్లు చూసి, ఖాళీ పిస్టల్‌తో ఆ మొదటి లాగుడునే రోజూ పది నిమిషాలు సాధన చేయండి. లాకులు తెరిచి తీయడాన్ని మొదట నెమ్మదిగా, విధుల్లో కట్టుకునే బెల్టుతోనే సాధన చేయండి. తర్వాత పోటీలకు కూడా ఆ పిస్టల్‌తోనే ప్రొడక్షన్ విభాగంలో (మామూలు పిస్టళ్ల విభాగం) వెళ్లండి. అక్కడ సుత్తి దించిన స్థితి నుంచే మొదలుపెట్టాలి కాబట్టి మీకు కావలసిన సాధన దొరుకుతుంది.

స్కోరర్:
ఐడీపీఏ అనే మరో సంఘం నడిపే, ఆత్మరక్షణ తీరు షూటింగ్ పోటీల గురించి కూడా ఆలోచించండి. అక్కడ చాటు వాడుకోవడం నిబంధనల్లోనే ఉంది, తగ్గిన ప్రతి పాయింటుకూ సమయం కలుపుతారు. శిక్షకుడు గారికి కూడా ఆ లెక్క నచ్చవచ్చు.

విశ్రాంత శిక్షకుడు:
చాటు విషయంలో అంగీకరిస్తాను. నిర్ణయం గురించి నేను అడిగినదానికి ఇంకా జవాబు రాలేదు.

ప్రశ్న అడిగినవారు:
ఖాళీ పిస్టల్‌తో ఇప్పుడే ఇరవైసార్లు లాగి చూశాను, సైటు వంగడం కంటికి కనబడుతోంది. ధన్యవాదాలు.